బోను దాటిన ఫ్లాకో

మీరు 12 ఏళ్లపాటు ఒకే గదిలో పెరిగారనుకోండి. వేళకు ఎవరో తిండి తెచ్చి పెడుతున్నారు. ఒకనాటి రాత్రి తలుపు తెరుచుకుంది. బయటికి వెళ్లి మీ తిండి మీరు సంపాదించుకోగలరా? న్యూయార్క్ నగరంలో ఒక గుడ్లగూబకు సరిగ్గా ఇదే పరీక్ష ఎదురైంది!

దాని పేరు ఫ్లాకో. స్పానిష్ భాషలో 'బక్కవాడు' అని అర్థం. కాని పేరుకే బక్కవాడు! రెక్కలు చాపితే సుమారు 6 అడుగులు. ఇది యురేషియన్ ఈగిల్ ఔల్ జాతి పక్షి. నారింజరంగు కళ్లు, తలమీద నిక్కిన ఈకల కుచ్చులు దీని గుర్తులు. ఆ కుచ్చులు చెవులు కావు సుమా! మన రాతిగుట్టల్లో ఉండే పెద్ద గుడ్లగూబ దీనికి దగ్గరి చుట్టమే.

ఫ్లాకో 2010లో అమెరికాలోనే ఒక పక్షుల పార్కులో పుట్టింది. ఏడాది నిండకముందే న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్క్ జంతు ప్రదర్శనశాలకు చేరింది. 2023 ఫిబ్రవరి 2 రాత్రి ఎవరో దాని బోనుకున్న ఉక్కువలను కత్తిరించారు. ఫ్లాకో ఎగిరిపోయింది.

ఏనాడూ వేటాడని పక్షి ఆకలితో చచ్చిపోతుందేమోనని అందరికీ దిగులు. ఎరపెట్టి పట్టబోతే చిక్కలేదు. వారం పది రోజులు తిరిగేసరికి అది ఎలుకలను పట్టి తింటోంది! వేట ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. అది పుట్టుకతో వచ్చిన సహజాతం. రెక్క అంచున దువ్వెన పళ్లలాంటి ఈకలు గాలి చప్పుడును తగ్గిస్తాయి. గుడ్లగూబ మీద పడేదాకా ఎలుకకు తెలియదు. ఈ సాధనాలన్నీ బోనులోనూ ఫ్లాకో దగ్గర ఉన్నాయి. వాడే అవకాశమే లేదు.

అయితే సహజాతానికి అందని సంగతి ఒకటుంది. నగరాల్లో ఎలుకలకు మందు పెడతారు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. అలాంటి ఎలుకే గుడ్లగూబకు సులువుగా దొరుకుతుంది. ఎలుకతోపాటు విషమూ కడుపులోకి పోతుంది!

2024 ఫిబ్రవరి 23న ఫ్లాకో ఒక భవనం ఆవరణలో పడిపోయి కనిపించింది. కాసేపటికే చనిపోయింది. పరీక్షించగా దెబ్బలతోపాటు పావురాల ద్వారా సోకే వైరస్, నాలుగు రకాల ఎలుకమందులు బయటపడ్డాయి. దెబ్బ తగలకపోయినా ఇవి దాని ప్రాణం తీసేవేనని వైద్యులు తేల్చారు.

2024 సెప్టెంబరులో న్యూయార్క్ నగర మండలి ఒక చట్టాన్ని ఆమోదించింది. ఎలుకలను చంపే బదులు, వాటికి పిల్లలు పుట్టకుండా చేసే గుళికలను వాడి చూడాలన్నది దాని సారాంశం. దాన్ని 'ఫ్లాకో చట్టం' అంటున్నారు.

ఈసారి మీ ఇంట్లో ఎలుకల మందు పెట్టబోతుంటే ఒక్కమాట అడగండి: ఆ ఎలుకను రేపు ఎవరు తింటారు?