ఆవిరి ఇంజన్ల ఆరుబయటి ప్రదర్శనశాల: ఉత్తర తెలంగాణ రైలుచరిత్ర దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పాత ఆవిరి ఇంజన్లను ఆరుబయట నిలిపిన ప్రదర్శనశాలలో సందర్శకునికి కనిపించేది ఇనుము. ఆ ఇనుమును నడిపిన బొగ్గు, నీరు, శ్రమ, మాట కనిపించవు. న్యూఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాలను ఉదాహరణగా తీసుకొని ఇంజను మీది గుర్తులను ఎలా చదవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ గుర్తుల ఆధారంగా పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల రైలు అనుభవాన్ని పరిశీలిస్తుంది. ఆవిరియుగపు కార్మికుల వృత్తిపదాలను సేకరించడం తెలుగు పరిశోధనకు తక్షణ కర్తవ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆవిరి ఇంజను, ప్రదర్శనశాల, నిజాం రైల్వే, కాజీపేట–బల్లార్షా మార్గం, బొగ్గు, గేజి, వృత్తిపదాలు

1. ఉపోద్ఘాతం

1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుండి కాశీయాత్రకు బయలుదేరి హైదరాబాదు, నాగపూర్‌ల మీదుగా సాగాడు. ఆ ప్రయాణానికి ఆధారం పల్లకీ, దాన్ని మోసిన బోయీల భుజాలు. తొంభైతొమ్మిదేళ్ల తరువాత, 1929లో, కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. మద్రాసు నుండి ఢిల్లీకి నేరుగా సాగే దారిలో మిగిలిన ఖాళీ దానితో పూడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది కూడా ఆ ఏడాదే. ఈ మార్గం పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల తూర్పు భాగాన్ని చీల్చుకొంటూ గోదావరిని దాటి ఉత్తరానికి పోతుంది.

ఈ మార్పును తెచ్చిన యంత్రం ఆవిరి ఇంజను. భారతీయ రైల్వేలలో బ్రాడ్‌గేజి మీద దాని నిత్యసేవ 1995 డిసెంబరు 6న జలంధర్–ఫిరోజ్‌పూర్ మార్గంలో ముగిసింది. అప్పటి నుండి అది ప్రదర్శనశాలలకు, స్టేషన్ల ముంగిళ్లకు చేరిన వస్తువు. పిల్లలు ఎక్కి దిగే, పెద్దలు ఫోటో తీసుకొనే ఈ వస్తువు నుండి చరిత్రను రాబట్టడం ఎలా అన్నది ఈ వ్యాసం ఎత్తుకొన్న ప్రశ్న.

2. ఆరుబయటి ప్రదర్శనశాల: స్వరూపం, పరిమితి

న్యూఢిల్లీలోని చాణక్యపురిలో ఉన్న జాతీయ రైలు ప్రదర్శనశాలకు 1971 అక్టోబరు 7న నాటి రాష్ట్రపతి వి.వి. గిరి శంకుస్థాపన చేశారు. 1977 ఫిబ్రవరి 1న అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. రైలుకార్మిక ఉద్యమంలో జీవితంలో చాలాభాగం గడిపిన తెలుగువాడు ఆ పునాదిరాయి వేయడం గమనించదగిన విషయం. ఇంజను వంద టన్నులకు పైగా కూడా బరువుండే వస్తువు, పట్టాల మీద తప్ప నిలవదు. కనుక ఇలాంటి ప్రదర్శనశాల సహజంగానే ఆరుబయట విస్తరిస్తుంది.

ఇక్కడ ప్రదర్శించిన వాటిలో 1855 నాటి ఫెయిరీ క్వీన్, 1895లో అజ్మీరు కార్ఖానాలో తయారై, భారతదేశంలో నిర్మించిన తొలి ఇంజనుగా పేరొందిన ఎఫ్-734, ఒకే పట్టా మీద నడిచిన పటియాలా మోనోరైలు, బెంగాల్ నాగపూర్ రైల్వేకు చెందిన భారీ గారట్ ఇంజను, 1947లో అమెరికాలోని బాల్డ్‌విన్ సంస్థ నిర్మించిన డబ్ల్యూ.పి. 7200 ప్రముఖమైనవి. నిజాం రాజ్యపు రైల్వేలో పనిచేసిన 1914 నాటి జాన్ మోరిస్ అగ్నిమాపక వాహనం కూడా ఇక్కడే ఉంది.

ఆరుబయటి ప్రదర్శనకు రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది భౌతికమైనది: ఎండ, వాన, తుప్పు. రెండవది అర్థానికి సంబంధించినది. పొయ్యి ఆరిన ఇంజనులో వేడి లేదు, శబ్దం లేదు, వాసన లేదు. హర్యానాలోని రేవారి షెడ్డులో నేటికీ కొన్ని ఇంజన్లను మండించి నడుపుతారు. అక్కడ ఆవిరి ఇంజను ఒక క్రియ, మిగిలినచోట్ల అది నామవాచకం. నామవాచకం నుండి క్రియను ఊహించుకోవాలంటే దాని అవయవాలను చదవడం తెలియాలి.

3. ఇంజనును చదివే పద్ధతి

3.1. పని తీరు: పొయ్యిలో బొగ్గు మండుతుంది. ఆ వేడి వాయువులు బాయిలరు లోపలి గొట్టాల గుండా పోతూ చుట్టూ ఉన్న నీటిని ఆవిరి చేస్తాయి. ఒత్తిడితో పోగుపడిన ఆవిరి సిలిండర్లలోకి వెళ్లి ముషలకాన్ని ముందుకూ వెనుకకూ నెడుతుంది. కడ్డీల ద్వారా ఆ కదలిక చక్రాల భ్రమణంగా మారుతుంది. పని ముగించిన ఆవిరి పొగగొట్టం గుండా వేగంగా పైకి పోతూ పొయ్యిలోకి గాలిని లాగుతుంది. కనుక ఇంజను ఎంత కష్టపడితే నిప్పు అంతగా రాజుకొంటుంది. రైలు చేసే 'చుక్ చుక్' ధ్వని ఈ ఆవిరి విడుదలదే.

3.2. అక్షరాలు: స్వాతంత్ర్యానికి చేరువలో రూపొందిన తరగతుల పేర్లలో మొదటి అక్షరం గేజిని తెలుపుతుంది. 'డబ్ల్యూ' బ్రాడ్‌గేజి (1676 మిల్లీమీటర్లు), 'వై' మీటర్‌గేజి (1000 మిల్లీమీటర్లు), 'జెడ్' నేరోగేజి. రెండవ అక్షరం పనిని తెలుపుతుంది. 'పి' ప్రయాణికుల బండ్లకు, 'జి' సరుకు బండ్లకు. ఈ లెక్కన డబ్ల్యూ.జి. అంటే బ్రాడ్‌గేజి సరుకు ఇంజను, వై.పి. అంటే మీటర్‌గేజి ప్రయాణికుల ఇంజను.

3.3. చక్రాలు: 2-8-2 అంటే ముందు రెండు చిన్న చక్రాలు, నడుమ బలం పొందే ఎనిమిది చక్రాలు, వెనుక రెండు చక్రాలు. డబ్ల్యూ.జి. అమరిక ఇది. డబ్ల్యూ.పి. అమరిక 4-6-2. బరువు లాగే ఇంజనుకు చోదకచక్రాలు ఎక్కువ, వాటి వ్యాసం తక్కువ. వేగంగా పోయే ఇంజనుకు చక్రాలు తక్కువ, వ్యాసం ఎక్కువ. ఎద్దుకూ గుర్రానికీ ఉన్న తేడా వంటిది ఇది.

3.4. టెండరు: ఇంజను వెనుక బొగ్గును, నీటిని మోసే బండి ఇది. దాని పరిమాణాన్ని బట్టి ఇంజను ఎంత దూరానికి ఒకసారి నీటికి ఆగవలసి వచ్చేదో అంచనా వేయవచ్చు. ఆవిరియుగంలో స్టేషను అంటే ఇంజను నీళ్లు తాగే చోటు కూడా.

డబ్ల్యూ.జి. తరగతి ఇంజన్లు 1950 నుండి 1970 వరకు మొత్తం 2,450 తయారయ్యాయి. వీటిలో అధికభాగం చిత్తరంజన్ కార్ఖానాలోనివి. చివరిదానికి 'అంతిమ్ సితారా' అని పేరు పెట్టారు.

4. చాందా నుండి బల్లార్షా దాకా: మార్గం వెనుక చరిత్ర

పై గుర్తులు ఉత్తర తెలంగాణ విషయంలో ఏమి చెబుతాయో తెలియాలంటే ఇక్కడి రైలుమార్గం పుట్టుక తెలియాలి. నిజాం రాజ్యంలో తొలి మార్గం 1874లో వాడి–సికింద్రాబాదు మధ్య ప్రారంభమైంది. దాన్ని తూర్పుకు, ఉత్తరాన చాందా (నేటి చంద్రపూర్) వైపుకు పొడిగించే ప్రతిపాదన 1883లో వివాదాస్పదమైంది. ఒప్పందపు షరతులను బహిరంగంగా ప్రశ్నించినందుకు సరోజినీ నాయుడు తండ్రి, విద్యావేత్త అఘోరనాథ ఛటోపాధ్యాయను ఆ ఏడాదే హైదరాబాదు నుండి బహిష్కరించారు. రాజ్యంలో ప్రజాభిప్రాయం తలెత్తిన తొలి ఘట్టాలలో ఒకటిగా చరిత్రకారులు పేర్కొనే చాందా రైల్వే ఆందోళన ఇదే. ఇంజను కంటే ముందే ఇంజను గురించిన చర్చ ఈ నేలకు వచ్చింది.

తూర్పు మార్గం 1889 నాటికి వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడకు చేరింది. భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో గుర్తించిన బొగ్గు డోర్నకల్ శాఖ ద్వారా బయటికి వచ్చింది. ఉత్తర మార్గం మాత్రం మరో నాలుగు దశాబ్దాలకు పూర్తయింది. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీ నుండి రైల్వేను స్వాధీనం చేసుకొంది.

ఉత్తర మార్గంతో గోదావరి లోయలోని బొగ్గుకు దారి దొరికింది. బెల్లంపల్లి ప్రాంతపు గనులు, ఆ తరువాత మందమర్రి, గోదావరిఖని గనులు ఈ మార్గాన్ని ఆనుకొని పెరిగాయి. ఇక్కడ గమనించవలసినది రెండు వైపుల సంబంధం. బొగ్గును మోయడానికి ఇంజను కావాలి, ఇంజను కదలడానికి బొగ్గు కావాలి. బాయిలో దిగిన కార్మికుడూ, ఇంజను పొయ్యి ముందు నిలిచిన ఫైర్‌మనూ ఒకే గొలుసుకు రెండు కొసలు. విద్యుదీకరణతో ఈ గొలుసు తెగలేదు. ఇంజను పొయ్యిలో మండవలసిన బొగ్గు రామగుండం విద్యుత్కేంద్రపు పొయ్యిలో మండడం మొదలైంది. పొగ ఊరూరా పరచుకోవడం మాని ఒకచోట స్థిరపడింది.

5. రెండు జిల్లాలు, మూడు అనుభవాలు

ప్రదర్శనశాలలో సందర్శకులు సాధారణంగా దాటిపోయే గేజి అన్న వివరం ఉత్తర తెలంగాణ విషయంలో కీలకమైనది.

మొదటి అనుభవం బ్రాడ్‌గేజిది. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ దేశపు ప్రధాన ఉత్తర–దక్షిణ మార్గం మీది ఊళ్లు అయ్యాయి. గనులు, కాగితపు మిల్లు, విద్యుత్కేంద్రం ఈ వరుసలోనే వెలిశాయి.

రెండవది మీటర్‌గేజిది. ఆదిలాబాదు పట్టణానికి రైలు మరాఠ్వాడా వైపు నుండి, ముద్ఖేడ్ మీదుగా వచ్చింది. అప్పట్లో అది కొస స్టేషను. గేజి వేరు కావడం వల్ల అక్కడి సరుకు బ్రాడ్‌గేజి మార్గానికి చేరాలంటే నడుమ ఒకచోట దించి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. నాడు ఒకే జిల్లాలో ఉన్న ఆదిలాబాదు నుండి సిర్పూర్ కాగజ్‌నగర్‌కు రైలులోనే పోదలచినవారు ముద్ఖేడ్, నిజామాబాదు, సికింద్రాబాదు, కాజీపేటలను చుట్టి రావలసి వచ్చేది. జిల్లా పటంలో దగ్గరగా కనిపించే రెండు ఊళ్లను రైలుపటం రెండు వేర్వేరు లోకాలుగా విడదీసింది.

మూడవది లేమి అనుభవం. జిల్లాకేంద్రమైన కరీంనగర్ పట్టణానికి ఆవిరియుగమంతా రైలే లేదు. పెద్దపల్లి నుండి పట్టాలు ఈ శతాబ్దం ఆరంభంలో గానీ అక్కడికి చేరలేదు. నిజామాబాదు దాకా మార్గం 2017లో పూర్తయింది. అప్పటికి ఆవిరి ఇంజన్లు ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. కరీంనగర్‌వాసికి ఆవిరి ఇంజను పెద్దపల్లికో జమ్మికుంటకో కాజీపేటకో పోయి చూసే దృశ్యమే తప్ప, తన ఊరి శబ్దం కాదు.

ఈ మూడింటికీ తోడు అడవి కోణం ఉంది. రాకపోకల సౌకర్యం పెరిగిన కొద్దీ బయటివారు ఆదిలాబాదు అటవీప్రాంతంలోకి వచ్చి స్థిరపడటం, గోండుల భూమి చేజారడం 1940లలో అక్కడ పరిశోధన చేసిన హైమెండార్ఫ్ రచనలలో కనిపిస్తుంది. కనుక ఇంజనును కేవలం ప్రగతిచిహ్నంగా చూపే ప్రదర్శన సగం కథే చెబుతుంది.

6. మాటలో మిగిలిన ఆవిరి

ఇంజను వెళ్లిపోయినా భాష దాని జాడను దాచింది. 'పొగబండి' కంటికి కనిపించిన దాన్ని బట్టి పుట్టిన పేరు. 'ధూమశకటం' దానికి సంస్కృత ప్రతిరూపం. పొగ పోగానే ఈ రెండు పేర్లూ వాడుక నుండి తప్పుకొన్నాయి. 'రైలు' తీరు వేరు. ఇంగ్లీషులో పట్టాను తెలిపే ఈ మాట తెలుగులో బండికి పేరైంది. పట్టాకు వేరే మాట నిలిచింది. 'కూత' ఇంకా విచిత్రం. ఆవిరి ఈల పోయి హారను వచ్చినా తెలుగులో రైలు కూస్తూనే ఉంది. గనిని 'బాయి' అనడం ఉత్తర తెలంగాణ కార్మికుల పలుకుబడి. నీటికోసం తవ్విన దాని పేరే బొగ్గుకోసం తవ్విన దానికీ సరిపోయింది.

ఇవి అందరికీ తెలిసిన మాటలు. షెడ్డులో, ఇంజను గదిలో వాడిన మాటల సంగతి వేరు. మంట బాగున్నప్పుడు, మందగించినప్పుడు ఏమనేవారు? రాయి కలిసిన బొగ్గుకు, బూడిద గడ్డకట్టినదానికి, పారకు, కొక్కేనికి ఏ పేర్లు? కూతల వరుసలకు ఏ అర్థాలు? తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి, ఇంగ్లీషు కలిసే ఈ నేలలో ఏ మాట ఏ భాషనుండి వచ్చింది? భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ (1962), చేనేత (1971) పదాలకు చూపిన మార్గం రైలు పదాలకూ వర్తిస్తుంది.

ఈ పనికి గడువు ఉంది. 1970లో ఇరవై ఏళ్ల వయసులో ఫైర్‌మన్‌గా చేరినవారు నేడు డెబ్బై అయిదేళ్లు నిండినవారు. ఇనుముకు రంగు వేసి మరో వందేళ్లు నిలపవచ్చు, జ్ఞాపకానికి ఆ వీలు లేదు.

7. ముగింపు

ఆరుబయటి ప్రదర్శనశాలలోని ఇంజను పక్కన ఉండే పలక సాధారణంగా తయారీ సంస్థను, సంవత్సరాన్ని, తరగతిని చెబుతుంది. అవి అవసరమే. గేజిని చూసి ఏ ఊళ్లు కలిశాయో, ఏవి విడిపోయాయో, చక్రాలను చూసి అది ఏ సరుకు లాగిందో, టెండరును చూసి ఆ బొగ్గు ఎవరు తవ్వారో అడగగలిగినప్పుడు ఆ పలక చరిత్రపాఠం అవుతుంది. కాజీపేట నుండి కాగజ్‌నగర్ దాకా ఉన్న కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు విశ్రాంత రైలు, గని కార్మికుల మాటలను ధ్వనిముద్రణతో సేకరించడం ఆ పాఠానికి తొలి మెట్టు. ఆ సేకరణ జరిగితే రేపటి ప్రదర్శనశాలలో ఇంజను పక్కన తెలుగు పలక మరో భాష నుండి అనువాదంగా గాక, ఇంజను నడిపినవారి మాటగా నిలుస్తుంది.