మన దివిసీమ ఇసుక దిబ్బలు

ఇసుక దిబ్బలు అనగానే రాజస్థాన్‌లోని థార్ ఎడారి, ఒంటెలు గుర్తుకు వస్తాయి. కానీ విజయవాడ నుండి అవనిగడ్డ, కోడూరు మీదుగా పాలకాయతిప్ప తీరానికి చేరితే అక్కడా ఇసుక దిబ్బలున్నాయి. ఫిబ్రవరిలో మా హాస్టల్ విద్యార్థులం విజ్ఞాన యాత్రకు వెళ్ళి చూసిన, తెలుసుకున్న సంగతులను మీతో పంచుకుంటున్నాము.

ఎడారిలోనైనా, సముద్రతీరంలోనైనా దిబ్బను పోసేది గాలే. కృష్ణానది తెచ్చిన ఇసుకను అలలు ఒడ్డుకు చేరుస్తాయి. ఎండిన ఇసుకను గాలి లేపుకుపోతుంది. దారిలో గడ్డి గాని, తీగ గాని అడ్డు తగిలితే అక్కడే కుప్పపడుతుంది. థార్‌లో వానలు, మొక్కలు తక్కువ కనుక చాలా దిబ్బలు కదులుతూ ఉంటాయి. ఇక్కడ ఊదారంగు పూల బాలబంద తీగ, గరుకైన గడ్డి దుబ్బులు తమ వేళ్ళతో ఇసుకను పట్టి ఉంచుతాయి.

ఉదయాన్నే జాడలను బట్టి రాత్రి ఏ ప్రాణి తిరిగిందో చెప్పవచ్చు. సన్నని చుక్కల వరుసలు పీతలవి. ట్రాక్టరు చక్రం జాడలా సముద్రం నుండి పైకి వచ్చి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళింది ఆలివ్ రిడ్లే తాబేలు. ఇది రాత్రిపూట గుంట తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. ఇసుక వేడికే సుమారు 50 రోజుల్లో పిల్లలవుతాయి. వేడి ఎక్కువైతే ఆడవే ఎక్కువ పుడతాయి. నక్కలు, కుక్కలు గుడ్లు తినకుండా అటవీ శాఖ వారు వాటిని సేకరించి, కంచె లోపల పాతిపెట్టి, పిల్లలను సముద్రంలో వదులుతారు.

ఇక్కడి మడ అడవుల్లో చేపలు పట్టి తినే బావురు పిల్లి ఉంటుంది. ఎక్కువగా రాత్రి తిరిగేది కనుక మాకు కనిపించలేదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ ప్రజలు వేలాదిగా చనిపోయారు. మాలో చాలామంది ఇళ్ళలో తాతయ్యలు, అమ్మమ్మలు ఇప్పటికీ ఆ సంగతి చెబుతారు. అంతటి ఉప్పెనను దిబ్బలు పూర్తిగా ఆపలేవు గాని, అలల జోరును తగ్గిస్తాయి. ఎగువ జలాశయాల వల్ల నది తెచ్చే ఒండ్రు, ఇసుక తగ్గాయి. ఉన్న దిబ్బను తవ్వుకుపోతే మళ్ళీ పేరుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

కనుక తీరానికి వెళ్ళే తమ్ముళ్ళకు, పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి. దిబ్బ మీది గడ్డి, తీగలు పీకవద్దు. బండ్లు ఎక్కించవద్దు. రాత్రి టార్చిలైట్లు వేయవద్దు, ఆ వెలుగుకు తాబేలు పిల్లలు దారి తప్పుతాయి. గుడ్లను ముట్టవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. దిబ్బ నిలిస్తేనే దాని వెనుక ఉన్న మన ఊళ్ళకు రక్షణ.