కచేరీ సహాయకురాలు

లోకమున పెద్దకార్యములకు పేరు కలదు గాని, వానిని నిలువబెట్టు చిన్నకార్యములకు పేరు లేదు. వంటయిల్లు నడపు మనకీ సంగతి ఒకరు చెప్పవలసిన పనిలేదు. పండుగనాడు పదిమంది భుజించి పాయసమును మెచ్చుకొందురు. బియ్యములో రాళ్లేరినదెవరని యడుగువారుండరు. కచేరీలయందును ఇట్టి రాళ్లేరుపని యొకటి కలదు. దానిని చేయువారిని ఇప్పుడు ఆఫీసు అసిస్టెంట్లనియు, అడ్మిన్ అసిస్టెంట్లనియు పిలుచుచున్నారు. మన బాలికలలో పెక్కండ్రు డిగ్రీ ముగియగానే మొదట అడుగిడునది ఈ కొలువులోనే. ఉపాధ్యాయుని యిల్లగుటచే మా యింటికి దరఖాస్తులు దిద్దించుకొనుటకు ఇట్టి బాలికలు వచ్చుచుందురు. జీతమెంతయో వారికి తెలియును; పని యెట్టిదో తెలియదు. కావున ఆ పనియందలి నేర్పును, మర్యాదను, అపాయములను గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

హైదరాబాదునకు పడమటనున్న లింగంపల్లి యీ వ్యాసమునకు తగిన చోటు. సికిందరాబాదునుండి వాడి వరకు 1874లో వేసిన నిజామునాటి రైలుమార్గముననే యీ స్టేషనున్నది. తరువాత సమీపమున రామచంద్రాపురమందు భెల్ కర్మాగారమును, 1974లో గచ్చిబౌలివైపున హైదరాబాదు విశ్వవిద్యాలయమును వెలసినవి. 1998 నవంబరు 22వ తేదీని మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి. 2003 ఆగస్టునుండి ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడువసాగినవి. లింగంపల్లిలో ఎక్కినవారు చందానగరు, హఫీజుపేట దాటి హైటెక్ సిటీ స్టేషనులో దిగుదురు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణ స్త్రీలకు ఆర్టీసీ సాధారణ బస్సులలోను, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను ప్రయాణము ఉచితమైనది. అల్పవేతనముగల యువతికి నెలకు బస్సు పాసు ఖర్చు మిగులుట చిన్న లాభము కాదు.

ఆ అద్దపు మేడలలో యంత్రవిద్య నేర్చినవారు వేలకొలది పనిచేయుదురు. వారి పేర్లు పత్రికలకెక్కును. వారిలో ప్రతివానికిని కుర్చీ, గుర్తింపుకార్డు, నెలజీతపు పత్రము, సమావేశమునకు గది సమకూర్చునామె వేరొకతె కలదు.

ఈమె దినము ఇతరులకంటె అరగంట ముందుగా మొదలగును. గదులు శుభ్రపడినవో లేదో, త్రాగునీటి డబ్బాలు వచ్చినవో లేదో, సమావేశపు గదిలోని తెర పనిచేయుచున్నదో లేదో చూడవలయును. హాజరుయంత్రముపై వ్రేలిముద్ర పడనివారు ఈమె కడకే వత్తురు. అతిథులకు ప్రవేశచీటి, క్రొత్త యుద్యోగులకు సొరుగు తాళము ఈమెయే ఇచ్చును. పిమ్మట టపా. వచ్చిన ప్రతి కవరును ఇన్వర్డు రిజిస్టరున తేదీతోను, వరుస సంఖ్యతోను ఎక్కించి, చేరవలసినవారికి చేర్చి చేవ్రాలు గొనవలయును. పోవుదానిని అవుట్‌వర్డున ఎక్కించి రసీదు భద్రపరుపవలయును. ఇది వ్యర్థపు వ్రాతయని క్రొత్తవారు తలతురు. కాని న్యాయవాది నోటీసువంటివానికి ప్రత్యుత్తరపు గడువు తరచుగా అది అందిన దినమునుండియే లెక్కకు వచ్చును. ఆ దినమేదో వివాదము వచ్చినప్పుడు సాక్ష్యమిచ్చునది ఆ రిజిస్టరే.

కాగితములు, కలములు, ప్రింటరు సిరా మున్నగువాని నిలువ చూచుకొనుటయు ఈమె పనియే. పప్పుడబ్బా అడుగంటిన పిదప అంగడికి పరుగెత్తు ఇల్లాలికిని, సగముండగనే చీటి వ్రాసికొను ఇల్లాలికిని గల భేదము మనకు తెలిసినదే. కచేరీయందును అంతే.

చిల్లర ఖర్చుల నగదు మరియొక పరీక్ష. దీనిని ఇంప్రెస్టు పద్ధతియందురు. చేతికి 5,000 రూపాయలిచ్చినారనుకొందము. 3,240 రూపాయలకు ఓచర్లున్నచో పెట్టెలో సరిగా 1,760 ఉండవలయును. నెల చివర 3,240 ఇచ్చి మరల 5,000 చేయుదురు. ఏ గడియను లెక్కించినను నగదును ఓచర్లును కలిసి మొదటి మొత్తమే కావలయును. తక్కువపడినచో తన సంచినుండి వేసి పూడ్చుట మంచితనమని కొందరు బాలికలు భ్రమపడుదురు. అది తగదు. తప్పు దాగును గాని పోదు. రేపు ఎక్కువపడినప్పుడు అదియు తన సొమ్మేయని తలచుటకు దారితీయును. తక్కువపడినది తక్కువపడినట్లే వ్రాసి పైవారికి చూపుటయే క్షేమము.

ఇక నన్నిటికంటె సూక్ష్మమైనది అక్షరములయు అంకెలయు నకలు. ఆధారు సంఖ్యకు 12 అంకెలు. పాను సంఖ్యకు 10 అక్షరాంకములు. బ్యాంకు శాఖను తెలుపు ఐ.ఎఫ్.ఎస్.సి. గుర్తునకు 11. ఆ గుర్తులో అయిదవ స్థానమున నుండునది సున్న. దానిని ఇంగ్లీషు ఓ అక్షరమని వ్రాయువారెందరో! పేర్లతో మరింత చిక్కు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. ఒక పత్రమున ఇంటిపేరు పూర్తిగా నుండును. వేరొకదానిలో పొడి అక్షరమే యుండును. పెండ్లియైన స్త్రీకి మూడవదానిలో భర్త యింటిపేరు చేరును. చేరిన దినమున సహాయకురాలు వీనిని సరిపోల్చి చూడక ఎక్కించెనా, ఆ తప్పు ఏండ్లకొలది నిద్రించి, ఆ యుద్యోగి తన భవిష్యనిధి సొమ్మునకు దరఖాస్తు పెట్టిననాడు మేల్కొనును. పేరు కలియలేదని దరఖాస్తు త్రిప్పిపంపబడును. బిడ్డ పెండ్లికో, ఆసుపత్రి ఖర్చునకో ఎదురుచూచుచున్న కావలివాని యింటిలో అది ఎంత దుఃఖమో యోచింపుడు. ఒక్క అక్షరము ఒక సంసారమును నెలలకొలది త్రిప్పగలదు.

వ్యాసుడు చెప్పగా విఘ్నేశ్వరుడు భారతము వ్రాసెనను కథ మనమెరిగినదే. ఆగక చెప్పవలెనని ఆయన నియమము. అర్థము గ్రహింపక వ్రాయరాదని వ్యాసుని నియమము. లేఖకవృత్తికంతకును ఆ రెండవ నియమమే మూలము. అర్థము తెలియని నకలు తప్పును గూడ భక్తితో నకలుచేయును.

కాలమును గూర్చియు అట్లే. ఈ సంస్థలకు అమెరికాలో ఖాతాదారులుందురు. న్యూయార్కు గడియారము శీతకాలమున మనకంటె 10 గంటల 30 నిమిషములు వెనుక. మార్చి రెండవ ఆదివారమునుండి నవంబరు మొదటి ఆదివారము వరకు 9 గంటల 30 నిమిషములే. అక్కడివారు గడియారమును జరుపుకొందురు, మనము జరుపము. ఈ సంగతి మరచి సమావేశము కుదిర్చినచో ఒకవైపువారు వచ్చి కూర్చుందురు, రెండవవైపువారింకను నిద్రలోనుందురు.

కొలువున మెలగవలసిన తీరును గూర్చి విరాటపర్వమున ధౌమ్యుడు పాండవులకు చేసిన బోధ మన యింటి బాలికలందరును చదువదగినది. తనకు తగని యాసనమున కూర్చుండరాదు. అడుగకయే సలహాలు చెప్పరాదు. రాజగృహమున కన్నది విన్నది వెలిపుచ్చరాదు అను భావములందున్నవి. ఈ సహాయకురాలి చేతిలో అందరి జీతములు, సెలవు కారణములు, వ్యాధుల పత్రములు ఉండును. ఎవరి జీతమెంతయో భోజనవేళ స్నేహితురాలికి చెప్పుట సరసముగా తోచును గాని, అది కొలువు ద్రోహము. తెరపై పత్రములు తెరచియుంచి లేచిపోవుటయు అట్టిదే.

అయితే విరాటపర్వము విధేయతను మాత్రమే నేర్పదు. ద్రౌపది సైరంధ్రియై సుదేష్ణ కడ కొలువుచేసెను. కీచకుని దుష్టబుద్ధి యెరిగియు సుదేష్ణ ఆమెను మధువు తెమ్మను నెపమున వాని యింటికి పంపెను. ఆమె పరుగున వచ్చి సభలో మొరపెట్టగా, వాడు అందరియెదుట తన్నినను విరాటుడు వానిని దండింపజాలకపోయెను. ఈ ఘట్టమును పురాణకాలక్షేపముగ విని కన్నీరు తుడుచుకొని లేచుట చాలదు. పనిమీద పంపినది పైయధికారిణి; కీడుచేసినవాడు పెద్దల బంధువు; విన్న సభ మౌనము. కొలువుచేయు స్త్రీకి నేడు కలుగు ఆపదయు తరచుగా ఈ రూపముననే యుండును.

ఆనాడు లేని యాధారము నేడు కలదు. 1997లో సుప్రీంకోర్టు విశాఖ కేసులో మార్గదర్శకములను నిర్ణయించెను. 2013లో పార్లమెంటు చట్టము చేసెను. దాని ప్రకారము 10 మంది లేక అంతకు మించి పనిచేయు ప్రతి కార్యాలయమునందును ఫిర్యాదుల సంఘముండవలయును. దానికి అధ్యక్షురాలు స్త్రీయే, సభ్యులలో సగమునకు తక్కువకాక స్త్రీలే, బయటివారొకరుండవలయును. జరిగిన 3 నెలలలోపుగా వ్రాతమూలముగ ఫిర్యాదు చేయవలయును. తగిన కారణమున్నచో మరి 3 నెలల గడువీయవచ్చును. ఫిర్యాదుచేసినామె పేరు బయటపెట్టరాదు. 10 మందికి తక్కువగు చోట జిల్లాయందలి స్థానిక సంఘమునకు చెప్పుకొనవచ్చును. చేరిన మొదటివారముననే ఆ సంఘ సభ్యుల పేర్లు గోడమీద ఎక్కడ నున్నవో చూచి వ్రాసికొనుటకు సిగ్గుపడవలదు. ఆ పేర్లు అంటించు పని సహాయకురాలిదే కావచ్చును గూడ!

మరి రెండు జాగ్రత్తలు. ఉద్యోగమిప్పింతుమని ముందుగా డబ్బడుగువారు నమ్మదగినవారు కారు. శిక్షణ ఖర్చనియు, డిపాజిటనియు ఏ పేరు పెట్టినను ఈయవలదు; అసలు సర్టిఫికెట్లను చూపి తిరిగి తెచ్చుకొనుడు, విడిచి రావలదు. రెండవది, ఈ కొలువులలో పెక్కు గుత్తేదారు సంస్థలద్వారా లభించును. మేడ ఒకరిది, జీతమిచ్చువారు వేరొకరు. కావున నియామకపత్రముపై ఎవరి పేరున్నదో చదువవలయును. 20 మంది లేక అంతకు మించి పనిచేయుచోట భవిష్యనిధి కలదు; వేతనమున నూటికి 12 మనవద్ద కోసి, యజమానియు తన వంతు చేర్పవలయును. కోసినది జమయైనదో లేదో ఫోనులోని పాసుపుస్తకమున నెలనెలా చూచుకొనవచ్చును. 2017లో ప్రసూతి సెలవును మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారములకు పెంచినారు. ఈ హక్కులు ఒకరి దయ కావు. అందరి దస్త్రములను చక్కబెట్టు యువతి తన దస్త్రమును తెరచి చూడకుండుట దీపము క్రింద చీకటి వంటిది.

యంత్రములు లేఖలు వ్రాయుచున్న యీ కాలమున ఈ కొలువు నిలుచునాయని కొందరు శంకింతురు. లేఖను యంత్రము వ్రాయవచ్చును. కాని ఆ లేఖ నేడు పంపదగునా రేపు పంపదగునా, ద్వారమువద్ద నిలిచిన ముదుసలికి ఏ గది చూపవలయును, రెండు పత్రములలోని రెండు పేర్లు ఒకరివేనా యను వివేకము మనుష్యునిదే. కావున టైపు, లెక్కల పట్టికలు, చక్కని ఇంగ్లీషు లేఖనము నేర్చుకొనుచు, దానితోడనే ఆ వివేకమును పెంచుకొన్న బాలిక, ఈ మెట్టుననే నిలిచిపోక లెక్కల విభాగమునకో, ఉద్యోగుల విభాగమునకో ఎక్కగలదు.

తల్లులకును, అత్తలకును ఒక్క మనవి. సాయంత్రము ఎనిమిది గంటలకు లింగంపల్లి స్టేషనులో దిగి యిల్లు చేరిన పిల్లను, ‘కుర్చీలో కూర్చుండు పనియే కదా’ యని పొయ్యివద్దకు పంపవలదు. దినమంతయు నితరుల తప్పులను వెదకి దిద్దిన కన్నులవి. ఇంటిలోని మగవారు ఒక పూట అన్నము వార్చినందున గౌరవము తరుగదు. రాళ్లేరిన చేతికి ఒక మంచిమాట, ఒక గ్లాసెడు మజ్జిగ ఇచ్చుట మనచేతిలోని పని. అది చేయుదము.