తుంటి విరిగిన వృద్ధులకు సమష్టి చికిత్స

వృద్ధాప్యమున తుంటి విరుగుటకు పెద్ద ప్రమాద మక్కరలేదు. నాచు పట్టిన మెట్టుపై కాలు జారినను, రాత్రివేళ దొడ్డికి పోవుచు గడప తగిలి పడినను చాలును. జంగ్లీఘాట్‌లో ఇట్టి పాటులకు అవకాశము లెక్కువ. అండమాన్ రాజధాని పోర్టుబ్లేరున (2024 సెప్టెంబరు నుండి దీనికి శ్రీవిజయపురమని పేరు) చేపల రేవు చుట్టును పెరిగిన పేట యిది. ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చి స్థిరపడిన తెలుగు జాలరి కుటుంబము లిచ్చట పెక్కు కలవు. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షము, ఏటవాలు దారులు, తడి యారని నేల.

పడిన పెద్దలు లేవలేక, ఒక కాలు పొట్టియై, పాదము బయటి వైపునకు తిరిగి యున్నచో తుంటి విరిగెనని అనుమానింపవలెను. ఆ కాలిని లాగరాదు, తోమరాదు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. అయినను తొడయెముక తల లోతైన కండరముల నడుమ, గిన్నె వంటి కీలులో నుండును. పైనుండి కట్టిన ఏ కట్టును దానిని కదలకుండ నిలుపజాలదు. ఎముక మెడ విరిగినచో తలకు పోవు నెత్తురు కూడ ఆగిపోవచ్చును.

అసలు అపాయము మంచము పట్టుటలో నున్నది. కదలక పరుండిన ముదుసలికి ఊపిరితిత్తులలో కఫము చేరి జ్వరము వచ్చును. నడుమున పుండ్లు పడును. కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టును. ఉన్నచోటు తెలియక కలవరించును. తుంటి విరిగిన వృద్ధులలో సుమారు నాలుగవ వంతు ఏడాది లోపల మరణించుట పలు దేశములలో కనబడిన విషయము.

ఎముకల డాక్టరు చూచి, రక్తపోటు హెచ్చుగా నున్నదని మరియొకరి వద్దకు పంపును. ఆయన గుండె పరీక్ష వ్రాయును. మత్తు డాక్టరు మరునాడు వచ్చును. ఎవరి పని వారు సరిగానే చేయుదురు. రోగి మాత్రము నాలుగు దినములు మంచముపైననే యుండును. ఈ జాప్యమును తప్పించుటకై ఇంగ్లండులోని హేస్టింగ్సు పట్టణమున 1960 ప్రాంతమున ఎముకల శస్త్రవైద్యుడు మైకేల్ డెవాస్, వృద్ధుల వైద్యుడు ఇర్విన్ ఒకే వార్డులో కలిసి పనిచేయసాగిరి. 2010 నుండి ఆ దేశమున, 36 గంటలలోపల శస్త్రచికిత్స జరిపి, వృద్ధుల వైద్యునిచే కూడ చూపించిన ఆసుపత్రులకు అదనపు పైక మిచ్చుచున్నారు. తరువాత అచ్చట మరణములు తగ్గినవి.

ఈ పద్ధతిలో అందరు నొకేసారి పని నారంభింతురు. వచ్చిన గంటలలోనే తొడ నరము వద్ద సూదిమందు నిచ్చి నొప్పి నణతురు. ఒకవైపు ఎక్స్‌రే, మరియొకవైపు రక్తపరీక్షలు. రక్తపోటు కొంచెము హెచ్చినంతనే వాయిదా వేయరు. విరిగిన చోటును బట్టి కడ్డీయో, మరయో, కృత్రిమ తలయో అమర్తురు. మరునాడే వ్యాయామ చికిత్సకుడు రోగిని నిలువబెట్టును. కొత్తగా కోసిన కాలిపై నిలుచుట ప్రమాదమని ఇంటివారు భయపడుదురు గాని, ఆ భయము నిరాధారము.

గ్రేట్ నికోబార్ నుండి ఓడపై రావలసిన రోగికి ఆ 36 గంటలును దారిలోనే గడచిపోవచ్చును. జంగ్లీఘాట్ వారికి దీవులన్నిటికి పెద్దాసుపత్రి యగు గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి ఊరిలోనే కలదు. ఇంటివద్ద పోగొట్టుకొను దినమే వారికి నష్టము. 2024 అక్టోబరు 29 నుండి 70 ఏండ్లు నిండిన వారందరికిని, ఆదాయముతో నిమిత్తము లేక, ఆయుష్మాన్ భారత్ క్రింద కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స యుచితము.

ఇంటివారును ఈ జట్టులోని వారే. దీవులలో వ్యవహారము హిందీలో సాగును. తెలుగు దప్ప ఎరుగని అవ్వ తన నొప్పిని చెప్పుకొనలేదు. కావున తెలుగు తెలిసిన బంధువొకరు ప్రక్కన నుండుట మందుతో సమానము. కళ్లజోడు, చెవిమర, పెట్టుడు పళ్లు, వాడుచున్న మాత్రలన్నియు వెంట తీసికొనిపోవలెను. నెత్తురు పలుచన చేయు మాత్ర లున్నచో ముందుగనే చెప్పవలెను. ఇంటికి పంపునపుడు, ఎందుకు పడిరో, గుల్లబారిన ఎముకకు ఏ మందు వాడవలెనో డాక్టరు నడిగి తెలిసికొనవలెను. అప్పటికి మరుగుదొడ్డి గోడకు పట్టుకొనుటకు కడ్డీ యొకటి బిగించి యుంచవలెను.