ఫ్రీమేసన్ల ఆచారాలు: వారు చెప్పుకునే అర్థం, మూలం

బ్రిటిషు పాలనాకాలంలో మన దేశంలో ఫ్రీమేసన్ల సమావేశ మందిరాన్ని సామాన్య జనం 'జాదూఘర్' అని పిలిచేవారు. మూసిన తలుపుల వెనుక ఏం జరుగుతున్నదో తెలియనప్పుడు వదంతులు పుట్టడం సహజమే. అయితే ఒక వర్గాన్ని గురించి అభిప్రాయం ఏర్పరచుకునే ముందు, ఆ వర్గం తన్ను గురించి తాను ఏమని చెప్పుకుంటున్నదో తెలుసుకోవడం న్యాయం. ఇతరుల పట్ల ద్వేషం సయితం మనల్ని న్యాయం తప్పేలా చేయరాదని దివ్య ఖుర్ఆన్ (5:8) ఆదేశిస్తున్నది.

పైగా ఈ విషయంతో ముస్లిం పాఠకునికి మరో సంబంధం కూడా ఉంది. మేసన్ల ప్రధాన గాథ దైవప్రవక్త హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) ఆలయ నిర్మాణం చుట్టూ అల్లబడింది. ఆ గాథను వారు చరిత్రగా నమ్ముతారా, లేక ఉపమానంగా భావిస్తారా? ఈ ప్రశ్నకు సమాధానం వారి గ్రంథాలలోనే లభిస్తుంది.

పనిముట్లు, పాఠాలు

'మేసన్' అంటే రాతి కట్టడాలు కట్టే మేస్త్రీ. నేటి ఫ్రీమేసన్లు రాళ్ళు చెక్కరు. ఆ వృత్తి పనిముట్లను నీతిబోధకు వాడుకుంటారు. మూలమట్టం సత్ప్రవర్తనకు గుర్తు. వృత్తలేఖిని కోరికలను హద్దులో ఉంచుకోవడానికి గుర్తు. 24 అంగుళాల కొలబద్ద రోజులోని 24 గంటలను సూచిస్తుంది. వాటిలో కొంత ప్రార్థనకు, కొంత పనికి, కొంత విశ్రాంతికి, కొంత సాటివారి సహాయానికి కేటాయించాలని చెబుతారు. చెక్కని రాయి శిక్షణ లేని మనిషి; నునుపుగా చెక్కిన రాయి సంస్కారం పొందిన మనిషి.

సభ్యుడు మూడు అంతస్తులు దాటాలి: శిష్యుడు, తోటి పనివాడు, మేస్త్రీ. మొదటి అంతస్తులో చేరే వ్యక్తి కళ్ళకు గంతలు కట్టి, మెడలో తాడు వేసి లోనికి తీసుకువస్తారు. అజ్ఞానపు చీకటి నుండి వెలుగులోకి రావడమే దీని అర్థమని వారి వివరణ. రహస్యాలను బయటపెట్టనని అతడు ప్రమాణం చేస్తాడు. ఆ ప్రమాణంలో ఒకప్పుడు ఘోరమైన శిక్షల ప్రస్తావన ఉండేది. అవి ఎన్నడూ అమలు కాలేదనీ, కేవలం సంకేతాలనీ మేసన్లు చెబుతూ వచ్చారు. చివరకు 1986లో ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి వాటిని ప్రమాణం నుండి తొలగించింది.

హీరామ్ గాథ

మూడవ అంతస్తు ఒక చిన్న నాటకం. సులైమాన్ ఆలయ నిర్మాణానికి హీరామ్ అబిఫ్ అనే ప్రధాన శిల్పి ఉండేవాడట. ముగ్గురు పనివారు మేస్త్రీల రహస్యపదాన్ని చెప్పమని అతణ్ణి నిర్బంధించారు. అతడు నిరాకరించాడు. వారు అతణ్ణి చంపి పాతిపెట్టారు. తర్వాత శవాన్ని వెదికి, సమాధి నుండి పైకి లేపారు. అసలు పదం మాత్రం అతనితోనే పోయింది. కొత్త సభ్యుడే హీరామ్ పాత్ర ధరించి 'మరణించి' లేస్తాడు. ప్రాణం పోయినా అమానతును కాపాడాలనీ, మరణాన్ని మరువరాదనీ దీని నీతిగా బోధిస్తారు.

కాగా, ఈ హత్య కథకు బైబిలులో ఆధారం లేదు. అందులో నఫ్తాలి గోత్రపు వితంతువు కుమారుడైన హీరామ్ అనే కంచు పనివాడు కనిపిస్తాడు. అతడు పని పూర్తి చేస్తాడు, హతుడు కాడు. దివ్య ఖుర్ఆన్‌లోనైతే హీరామ్ ప్రస్తావనే లేదు. హజ్రత్ సులైమాన్ (అ) కోసం జిన్నాతులు కట్టడాలు కట్టిన విషయం, చేతికర్రకు ఆనుకొని ఉండగా ఆయన మరణించిన విషయం 'సబా' సూరా (34:12-14)లో ఉన్నాయి. అక్కడి పాఠం వేరు: అగోచర జ్ఞానం జిన్నాతులకు లేదని ఆ మరణం రుజువు చేసింది.

గాథ ఎప్పుడు పుట్టింది?

ఇంగ్లండులో మేస్త్రీల సంఘాలకు సంబంధించిన అతి పాత వ్రాతప్రతులు 14వ శతాబ్దాంతం నుండి, 15వ శతాబ్దం నుండి లభిస్తున్నాయి. వాటిలో ఈజిప్టులో యూక్లిడ్ రేఖాగణితం నేర్పినట్లు, ఇంగ్లండు రాజు అథెల్‌స్టన్ మేస్త్రీలను ఆదరించినట్లు కథలున్నాయి. హీరామ్ హత్య లేదు. 1723లో జేమ్స్ ఆండర్సన్ అనే స్కాట్లండు క్రైస్తవ మతాచార్యుడు ఫ్రీమేసన్ల నిబంధనావళిని ప్రచురించాడు. వృత్తి చరిత్రను అతడు ఏకంగా ఆదం (అ) నుండి మొదలుపెట్టాడు. అందులోనూ ఆ హత్య లేదు.

1726 నాటి గ్రాహం వ్రాతప్రతిలో ఒక విచిత్రమైన కథ ఉంది. హజ్రత్ నూహ్ (అ) ముగ్గురు కుమారులు ఒక రహస్యం కోసం తండ్రి సమాధిని తెరిచి, శవాన్ని పైకి లేపారని అందులో వ్రాశారు. నాలుగేళ్ళ తర్వాత, 1730లో శామ్యూల్ ప్రిచర్డ్ మేసన్ల రహస్యాలను బయటపెడుతూ ఒక పుస్తకం అచ్చువేశాడు. దాదాపు అదే కథ అందులో హీరామ్ పేరుతో కనిపిస్తుంది. హీరామ్ హత్య అచ్చులోకి రావడం అదే మొదలు. ఒకే కథ ఇద్దరి పేర్ల మీద కనిపించడాన్ని బట్టి, ఇది సులైమాన్ కాలం నుండి వచ్చిన స్మృతి కాదనీ, రూపు మారుతూ పెరిగిన గాథ అనీ పరిశోధకులు గ్రహించారు.

మూలం గురించి భిన్నాభిప్రాయాలు

మేసన్లలో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. 18వ శతాబ్దంలో గొప్ప వంశవృక్షాల కోసం వెతుకులాట సాగింది. 1736-37లో రామ్సే అనే స్కాట్లండు పెద్దమనిషి ఫ్రాన్సులో ఉపన్యసిస్తూ తమ మూలాన్ని సిలువ యుద్ధాలకు ముడివేశాడు. తర్వాత కొందరు, 1312లో రద్దయిన టెంప్లార్ యోధులకు తామే వారసులమన్నారు. కాని 1782లో జర్మనీలోని విల్హెల్మ్స్‌బాద్‌లో జరిగిన మేసన్ల మహాసభ ఆ నేరు వారసత్వ వాదాన్ని వదులుకున్నది. ఈజిప్టు పూజారుల నుండి సంక్రమించిందనే వాదానికీ చారిత్రక ఆధారం దొరకలేదు.

1884లో అనుమతి పొందిన లండనులోని క్వాటుయర్ కొరొనాటి లాడ్జి మేసన్లలోనే ఒక చరిత్ర పరిశోధక బృందం. పత్రాలు లేని మాటను ఒప్పుకోరాదన్నది వారి నియమం. ఆ దృష్టితో చూస్తే ఆధారాలు స్కాట్లండుకు దారి తీస్తాయి. అక్కడ 1598, 1599లలో విలియం షా మేస్త్రీల లాడ్జిలకు నిబంధనలు ఏర్పరచాడు. 1599 నాటి ఎడింబరో లాడ్జి చిట్టా నేటికీ ఉన్నది. 1634లో ఆ లాడ్జిలో వృత్తితో సంబంధం లేని పెద్దమనుషులు చేరారు. ఇంగ్లండులో ఎలియాస్ అష్మోల్ 1646లో తాను చేరినట్లు దినచర్యలో వ్రాసుకున్నాడు. లండనులో మొదటి గ్రాండ్ లాడ్జి 1717లో ఒక మద్యశాలలో ఏర్పడిందని మేసన్లు చెప్పుకుంటారు. ఆ కథనం 1738లో ఆండర్సన్ వ్రాసినదే. కాబట్టి నేటి పరిశోధకులు కొందరు 1721 సరైనదంటున్నారు.

వృత్తి సంఘం క్రమంగా నీతిసంఘంగా మారిందని కొందరంటే, అంతర్యుద్ధాలతో విసిగిన ఇంగ్లండు పెద్దమనుషులు మతకలహాలకు దూరంగా కలుసుకోవడానికి ఆ రూపాన్ని అరువు తెచ్చుకున్నారని మరికొందరంటారు. ఏదైనా, పరిశోధన తెలిసిన మేసన్ హీరామ్ కథను చరిత్ర అనడు, నీతినాటకం అంటాడు. సామాన్య సభ్యులలో దాన్ని యథార్థమని నమ్మేవారూ లేకపోలేదు.

మన కొలబద్ద

ముస్లిములలోనూ ఈ సంఘంలో చేరినవారున్నారు. ఆర్కాటు నవాబు కుమారుడు ఉమ్దతుల్ ఉమరా 1770ల కాలంలో తిరుచిరాపల్లిలో చేరాడు. అల్జీరియా ముజాహిద్ అమీర్ అబ్దుల్ ఖాదిర్ 1864లో అలెగ్జాండ్రియాలో, జమాలుద్దీన్ అఫ్ఘానీ కైరోలో మేసన్లయ్యారు. వారి ఉద్దేశాల గురించి చరిత్రకారులు నేటికీ చర్చిస్తున్నారు. అంతరంగాలు అల్లాహ్‌కే తెలుసు. 1978లో మక్కాలోని ఇస్లామీ ఫిఖహ్ మండలి ఈ సంఘంలో చేరడం ఇస్లాంకు విరుద్ధమని తీర్మానించింది.

ఇక్కడ రెండు ప్రశ్నలను కలిపివేయరాదు. చేరడం ధర్మసమ్మతమా అన్నది ఉలమాలు తేల్చే విషయం. గాథ నిజమా అన్నది ఆధారాలు తేల్చే విషయం. ఉల్లేఖనానికి ఇస్నాద్ అడగడం మన విద్యాసంప్రదాయం: ఎవరు చెప్పారు, ఎవరి వద్ద విన్నారు, వారు నమ్మదగినవారేనా? ఈ ప్రశ్నలతో వెనక్కి నడిస్తే హీరామ్ గాథ 18వ శతాబ్దపు లండనులోనే ఆగిపోతుంది. దానికి, హజ్రత్ సులైమాన్ (అ)కు నడుమ రెండున్నర వేల ఏళ్ళకు పైగా ఖాళీ ఉంది. ఆ మహనీయునికి లేనిపోనివి అంటగట్టడం కొత్తేమీ కాదు. షైతానుల జాదూను ఆయనకు ఆపాదించినవారిని ఖుర్ఆన్ (2:102) ఖండించింది.

అదే నియమం మనకూ వర్తిస్తుంది. సమాచారం తెచ్చినవాడెవరో విచారించి గాని నమ్మవద్దన్న ఆజ్ఞ (49:6) ఫ్రీమేసన్ల గాథను ఆధారం అడిగినట్లే, వారిని గురించి బజారులో వినిపించే జాదూఘర్ కథలనూ ఆధారం అడుగుతుంది.