జార్జ్ ఫ్రాంకెన్‌స్టైన్

జార్జ్ ఫ్రాంకెన్‌స్టైన్ (1878 మార్చి 18 - 1953 అక్టోబరు 14) ఆస్ట్రియాకు చెందిన దౌత్యవేత్త. ప్రాచీనమైన ఒక జర్మను ప్రభువంశంలో జన్మించి, ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యానికి, తరువాత ఆస్ట్రియా గణతంత్రానికి సేవ చేశాడు. 1920 నుండి 1938 వరకు లండనులో ఆస్ట్రియా రాయబారిగా ఉన్నాడు. జర్మను భాషలో ఈయన పేరు గేయోర్గ్. ఇంగ్లండులో జార్జ్ అనే పేరుతోనే ప్రసిద్ధుడయ్యాడు. తాను ప్రాతినిధ్యం వహించిన దేశం అదృశ్యం కావడాన్ని ఈయన ఒక జీవితకాలంలో రెండుసార్లు చూశాడు: 1918లో ఒకసారి, 1938లో మరొకసారి.

వంశము, కుటుంబము

ఫ్రాంకెన్‌స్టైన్ వంశానికి ఆ పేరు జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగర సమీపాన, ఒడెన్‌వాల్డ్ కొండలపై ఉన్న కోట వలన వచ్చింది. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ప్రసిద్ధ నవలకు ఈ కోటతో సంబంధం ఉన్నదని తరచు చెబుతారు గాని, అందుకు గట్టి ఆధారాలు లేవు. ఈ వంశస్థులలో చరిత్రలో ఎక్కువగా కనిపించే మరొక వ్యక్తి బవేరియా రాజకీయ నాయకుడు గేయోర్గ్ ఆర్బోగాస్ట్. 1879లో జర్మను సామ్రాజ్యపు సుంకాల ఆదాయంలో 13 కోట్ల మార్కులకు మించిన భాగాన్ని రాష్ట్రాలకు పంచవలెనన్న నిబంధన ఆయన పేరుతోనే ప్రసిద్ధమైనది.

జార్జ్ డ్రెస్డెన్‌లో జన్మించాడు. తండ్రి కార్ల్ కూడా ఆస్ట్రియా-హంగరీ దౌత్యవేత్తయే. తల్లి ఎల్మా, షోన్‌బార్న్ కౌంట్ల వంశానికి చెందినది. అన్న క్లెమెన్స్ (1875-1942) సంగీతకర్త. మ్యూనిచ్ రంగశాలలకు అధిపతిగా పనిచేశాడు. చైనా కవి లీ బాయ్ జీవితాన్ని కథావస్తువుగా తీసుకొని ఆయన రచించిన సంగీత నాటకం 1920లో హాంబర్గ్‌లో ప్రదర్శించబడింది. వియన్నా కవి హ్యూగో ఫాన్ హాఫ్‌మన్‌స్థాల్ ఈ అన్నదమ్ములిద్దరికీ సన్నిహిత మిత్రుడు.

సామ్రాజ్య సేవ

వియన్నాలో న్యాయశాస్త్రం అభ్యసించి, జార్జ్ విదేశాంగ శాఖలో చేరాడు. వాషింగ్టన్, సెయింట్ పీటర్స్‌బర్గ్, రోమ్, టోక్యో నగరాలలో పనిచేశాడు. 1914లో యుద్ధం ఆరంభమైనప్పుడు లండనులోని రాయబార కార్యాలయంలో ఉన్నాడు. 1918లో కాకసస్ ప్రాంతంలోని టిఫ్లిస్ (నేటి ట్బిలిసి) నగరానికి సామ్రాజ్య ప్రతినిధిగా పంపబడ్డాడు. ఆ సంవత్సరం ముగియకముందే ఆ సామ్రాజ్యం విచ్ఛిన్నమైనది.

బిరుదు రద్దు

1919 ఏప్రిల్‌లో ఆస్ట్రియా గణతంత్రం ప్రభువంశ బిరుదులన్నింటినీ చట్టం ద్వారా రద్దు చేసింది. బారన్, కౌంట్ వంటి బిరుదులే కాక, పేరుకు ముందు వచ్చే "ఫాన్" అనే పదం కూడా నిషిద్ధమైనది. ఈ చట్టం నేటికీ అమలులో ఉన్నది. జర్మనీ మాత్రం అదే సంవత్సరం వైమార్ రాజ్యాంగంలో వేరొక మార్గం అనుసరించింది: ప్రత్యేక హక్కులను తొలగించి, పాత బిరుదును ఇంటిపేరులో భాగంగా ఉంచుకోనిచ్చింది. అందువలన ఒకే తల్లి బిడ్డలైన ఈ ఇద్దరిలో మ్యూనిచ్‌లోని అన్న పేరులో పాత బిరుదు నిలిచింది, వియన్నా ప్రభుత్వ ఉద్యోగియైన తమ్ముని పేరు నుండి తొలగిపోయింది. అయినను లండను సమాజం ఆయనను బారన్ అని పిలవడం మానలేదు.

లండనులో రాయబారిగా

1919లో సెయింట్ జర్మేన్ శాంతి చర్చలకు వెళ్ళిన ఆస్ట్రియా ప్రతినిధి వర్గంలో ఈయన సభ్యుడు. మరుసటి సంవత్సరం లండనుకు రాయబారిగా నియమితుడైనాడు. నిన్నటి వరకు శత్రుదేశము, ఇప్పుడు ఆహారమునకు, బొగ్గునకు కూడా ఇతరులపై ఆధారపడిన చిన్న దేశము. దాని తరపున అప్పు అడగడమే కొత్త రాయబారి మొదటి పని. ఆస్ట్రియా కరెన్సీ విలువ పతనమవుతున్న ఆ కాలంలో ఆయన బ్రిటిష్ మంత్రులను, బ్యాంకర్లను ఒప్పించడానికి శ్రమించాడు. 1922 అక్టోబరు 4న ప్రధాని ఇగ్నాజ్ సైపెల్ జెనీవాలో కుదుర్చుకున్న ఒప్పందాల ద్వారా నానాజాతి సమితి ఆధ్వర్యంలో 65 కోట్ల బంగారు క్రౌన్ల రుణానికి మార్గం ఏర్పడింది. హామీ ఇచ్చిన దేశాలలో బ్రిటన్ ఒకటి.

ధనబలము, సైన్యబలము లేని దేశానికి సంగీతమే పరపతి అని ఆయన గ్రహించినట్లున్నది. బెల్‌గ్రేవ్ స్క్వేర్‌లోని రాయబార భవనంలో ఆయన ఏర్పాటు చేసిన కచేరీలు లండనులో పేరుపొందాయి.

1938, ఆ తరువాత

1938 మార్చి 12న జర్మను సైన్యాలు ఆస్ట్రియాలో ప్రవేశించాయి. మరునాడే విలీన చట్టం వెలువడింది. రాయబార భవనం జర్మనీ వశమైనది. అరవై ఏళ్ళ వయస్సులో ఉద్యోగం, నివాసం, దేశం ఒక్కసారిగా పోయిన ఫ్రాంకెన్‌స్టైన్ నాజీ ప్రభుత్వానికి సేవ చేయక ఇంగ్లండులోనే ఉండిపోయాడు. అదే సంవత్సరం బ్రిటిష్ పౌరసత్వం పొందాడు. ఆరవ జార్జి రాజు నైట్ బిరుదునిచ్చి గౌరవించాడు. స్వదేశపు గణతంత్రం ఒక బిరుదును తీసివేయగా, ఆశ్రయమిచ్చిన రాజ్యం మరొకటి ఇవ్వడంతో ఆయన "సర్ జార్జ్" అయినాడు.

1939లో ఆత్మకథ ప్రచురించాడు. ఆ సంవత్సరమే ఎడితా కింగ్ అను ఆంగ్ల వనితను వివాహం చేసుకున్నాడు. 1944లో కుమారుడు క్లెమెంట్ జన్మించాడు.

మరణం

1953 అక్టోబరు 14న బ్రస్సెల్స్ వెళ్ళవలసిన సబేనా సంస్థ విమానం ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయలుదేరిన కొద్దిసేపటికే కెల్‌స్టర్‌బాక్ వద్ద కూలిపోయింది. అందులోని 44 మందీ మరణించారు. వారిలో ఫ్రాంకెన్‌స్టైన్ దంపతులు ఉన్నారు. తొమ్మిదేళ్ళ క్లెమెంట్‌ను కుటుంబ మిత్రులు ఇంగ్లండులో పెంచారు. ఈటన్ పాఠశాలలో చదివిన ఆయన తరువాత అమెరికా వెళ్ళి నటుడైనాడు. 1974లో వచ్చిన "యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్" అనే హాస్య చిత్రంలో గ్రామస్థునిగా చిన్న వేషం వేశాడు. 1995 నాటి "ది అమెరికన్ ప్రెసిడెంట్" చిత్రంలో ఫ్రాన్సు అధ్యక్షునిగా నటించాడు. 2019 మేలో లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు.