వరిచేలో పసుపు రెక్కల పురుగు – పాడి రైతు గమనించవలసిన సంగతులు

భీమవరం ప్రాంతపు సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు, పాలు పోయడానికి వచ్చిన సభ్యులు తెల్లకంకులు చూపించి "దీనికి ఏ మందు కొట్టాలండీ?" అని మమ్మల్ని అడుగుతుంటారు. తెల్లకంకి కనిపించిన తరువాత ఏ మందూ ఆ కంకిని బ్రతికించలేదు. అంతకుముందే చేలో వాలిన రెక్కల పురుగును గుర్తించాలి. మన గేదెలకు ముఖ్యమైన మేత వరిగడ్డి. కనుక ఇది పాడికి కూడా సంబంధించిన విషయమే.

రూపము: కాండం తొలిచే పురుగుకు తల్లి ఇదే. ఆడ పురుగు ముందు రెక్కలు పసుపు రంగులో ఉంటాయి. ఒక్కొక్క రెక్క నడుమ ఒక నల్లచుక్క ఉంటుంది. మగది చిన్నది, గోధుమ రంగుది. దాని చుక్క స్పష్టంగా కనబడదు. పగలు మొక్కల చాటున ఉండి, రాత్రి దీపాలకు వస్తాయి. ఆడది ఆకు కొనల దగ్గర గ్రుడ్లను ముద్దగా పెట్టి, తన నూగుతో కప్పుతుంది. సుమారు వారానికి పిల్ల పురుగులు బయటపడి కాండంలోకి తొలుచుకుపోతాయి. పిలకల దశలో మొవ్వు ఎండుతుంది. లాగితే ఊడి వస్తుంది. ఈనిన తరువాత తాలు గింజల తెల్లకంకి మిగులుతుంది.

వ్యాప్తి: ఇది ఆసియా ఖండపు పురుగే. 1863లో వాకర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించాడు. మన దేశంలోని వరి ప్రాంతాలతో పాటు శ్రీలంక, బంగ్లాదేశ్, థాయిలాండ్, ఇండోనేషియా, దక్షిణ చైనాలలో ఉన్నది. దీని ఆహారం ముఖ్యంగా వరి. సార్వా, దాళ్వా రెండూ పండే మన డెల్టాలో దానికి తిండికి కొదువ లేదు. కోత తరువాత పురుగు మోళ్ళలో దాగి ఉంటుంది.

చేయవలసినవి:

1. నాటే ముందు నారు కొనలు త్రుంచి, గ్రుడ్లతో సహా నాశనం చేయవలెను.

2. లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగు రాకను కనిపెట్టవలెను. చదరపు మీటరుకు ఒక తల్లి పురుగు గాని, ఒక గ్రుడ్ల ముద్ద గాని కనిపిస్తే మారుటేరు పరిశోధనా స్థానాన్ని లేదా వ్యవసాయాధికారిని అడిగి మందు వాడవలెను.

3. పంటను నేలబారుగా కోయవలెను. యంత్రంతో కోస్తే మోళ్ళు ఎత్తుగా మిగులుతాయి; వెంటనే దున్నవలెను.

4. మందు చల్లిన చేని గట్టు గడ్డిని వెంటనే కోసి పశువులకు వేయరాదు. కోతకు ముందు డబ్బాపై వ్రాసిన గడువు పాటించవలెను. గడ్డిలో మిగిలిన మందు పశువు కడుపులోకి, అక్కడి నుండి పాలలోకి చేరవచ్చు.

తెల్లకంకులు చూసి కంగారుగా కొట్టే మందుకు డబ్బు దండుగ, పాలకు చేటు. సంఘ కార్యదర్శులు ఈ సంగతులను పాలకేంద్రం వద్ద సభ్యులకు చదివి వినిపించవలెనని కోరుతున్నాము.